కదలని నాలుగు

గుంటూరు
పెదకాకాని రోడ్డు, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు
3 ఫిబ్రవరి 2025

మామయ్యా,

అన్విత నమస్కారాలు. ఫోను చేస్తే మీకు వినపడదు. మెసేజీ పెడితే "బొటనవేలితో రాసేది రాత కాదు" అంటారని అమ్మ చెప్పింది. అందుకే కాగితం, పెన్ను, స్టాంపు అన్నీ వెతుక్కుని కూర్చున్నాను. ఆఫీసులో అందరూ నేను కోర్టు నోటీసు రాస్తున్నాననుకుంటున్నారు.

సంగతేమిటంటే, పాత మేనేజరు మానేశారు. ఓనరు జయదేవ్ గారు ఈ సీజను నుంచి నన్ను ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టారు. పన్నెండు గదులు, లక్ష టిక్కీ బస్తాల మిరపకాయలు, తొడిమలు తీసే ఆడవాళ్లు నలభై ఒక్కరు, అమ్మోనియా యంత్రాలు, వాటి మీద ఆపరేటరు నన్నే సాహెబ్ గారు. అందరి మధ్యా గోడ మీద మీరు ఆరేళ్ల కిందట బిగించిన నల్లపెట్టె, మీ కంప్యూటరు. బాగానే ఉంది. గదుల చలి అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అమ్మోనియా కారితే చెప్పే గ్యాసు అంకె మాత్రం భలే నిలకడ మామయ్యా, ఎప్పుడు చూసినా నాలుగే. రోజూ రిజిస్టర్లో నాలుగు రాసి సంతకం పెడుతున్నాను. "నీ చెయ్యి మంచిదమ్మా" అంటారు జయదేవ్ గారు.

నన్నే సాహెబ్ గారు మిమ్మల్ని అడిగారు. "మా పంతులు గారి పెట్టె ఉండగా నాకేం పని?" అన్నారు నవ్వుతూ.

తనిఖీవాళ్లు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో రాసిమ్మన్నారు. మీ నోటుబుక్కు పెట్టె కింద సొరుగులో దొరికింది. అందులో ప్రతి పేజీలోనూ "డివైస్ ఫైలు", "డ్రైవరు" అని ఉంది. నేను చదివింది బి.కాం. నాకు అర్థమయ్యేలా మీరే చెప్పాలి. గ్యాసు సంగతి కాస్త వివరంగా రాయండి. వాళ్లు ముఖ్యంగా అడిగింది దాని గురించే.

మీ మేనకోడలు
అన్విత

•

కనిగిరి
కొండకింద బజారు
9 ఫిబ్రవరి

అమ్మలూ,

నీ ఉత్తరం గురువారం చేరింది. దాన్ని చేతికిస్తూ పోస్ట్‌మన్ ఏదో అన్నాడు. నాకు వినపడలేదు కనక, తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాను. పొద్దున పక్కింట్లో కుక్క కరిచిందని చెప్పాడట పాపం. దీర్ఘాయుష్షు అనే అన్నాను, పనికొస్తుంది.

కనిగిరి ఎందుకు వెళ్లారని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. చెవిటివాడికి నిశ్శబ్దం ఎక్కడైనా ఒకటే, అద్దె మాత్రం ఇక్కడ తక్కువ. ఇక్కడి నీళ్లు పళ్లకి గార పట్టిస్తాయంటారు. నాకు పళ్లే లేవు. ఇంతకంటే అనువైన ఊరు నాకెక్కడ దొరుకుతుంది?

ఇక నీ ప్రశ్న. నాకెవరూ చదువు చెప్పలేదు కనక, నాకు తెలిసిన దారిలోనే చెప్తాను. మీ తాతయ్య అర్చకుడని నీకు తెలుసు. గుళ్లో భక్తుడు ఎంత గొప్పవాడైనా గర్భగుడి గడప దాటడు. కంప్యూటర్లోనూ అంతే. దాని గర్భగుడి పేరు కెర్నెల్. బయట తిరిగే ప్రోగ్రాములన్నీ భక్తులు. చలి కొలిచే సెన్సారునీ, డిస్కునీ, మీటల పలకనీ అవి తాకకూడదు. తాకాల్సింది అర్చకుడు. ఆయనే డ్రైవరు. ఏ మూర్తికి ఏ మంత్రమో ఆయనకే తెలుసు. ఏ తీగకి ఎంత కరెంటు, ఏ గడిలోంచి ఏ అంకె తియ్యాలి, అదంతా ఆయన బాధ్యత.

మరి భక్తుడు అడిగేదెలా? గడప దగ్గర ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీయే డివైస్ ఫైలు. చూడటానికి మామూలు ఫైలులాగే పేరు పెట్టుకుని, 'డెవ్' అనే గదిలో కూర్చుని ఉంటుంది. తెరవచ్చు, చదవచ్చు, మూయచ్చు. అయితే దానిలో కాగితమంటూ లేదు. ఉన్నదల్లా ఒక అక్షరం, రెండు అంకెలు. అక్షరం 'సి' అయితే సరుకు ధారగా వస్తుందని, 'బి' అయితే దిమ్మలుగా వస్తుందని. మొదటి అంకె గోత్రం, అంటే ఏ అర్చకుడిని పిలవాలో. రెండోది ఆ అర్చకుడి చేతికింద ఉన్నవాటిలో ఏ మూర్తో. చదవబోతే కెర్నెల్ ఆ అంకెలు చూసి సరైన డ్రైవర్ని లేపుతుంది. ఆయన లోపలికి వెళ్లి, అప్పటికప్పుడు చూసి, అంకె తెచ్చి కిటికీలోంచి ఇస్తాడు. అంటే ఆ ఫైలు చదివిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది.

ఇక్కడ మా నాన్న గుర్తొస్తాడు. ఆయన దగ్గరికి ఒక రిటైరైన తాసిల్దారు వచ్చేవాడు. కలిసి రావడం లేదని మూడుసార్లు పేరు మార్చుకున్నాడు. ప్రతి సోమవారం అర్చనకొచ్చి, "పంతులూ, ఇవాళ్టి నుంచి నా పేరు ఫలానా" అనేవాడు. నాన్న విసుక్కోకుండా, "పేరు మీ ఇష్టం బాబూ, గోత్రం మారలేదు కదా?" అనేవాడు. కెర్నెల్ కూడా మా నాన్నే. కిటికీకి గ్యాసు అని పెట్టు, గంగమ్మ అని పెట్టు, దానికి పట్టదు. అంకెలు సరిగ్గా ఉంటే చాలు.

దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది. పేరు సరిగ్గా ఉండి, గోత్రం లేకపోతే ఏమవుతుందనేది. అది నీ కాగితానికి అక్కర్లేదు.

డెవ్ గదిలో ఉన్నవాటిని వరసగా చూపించే ఆజ్ఞ నోటుబుక్కు మూడో పేజీలో ఉంది. కొట్టి చూడు. ప్రతి వరసకీ మొదట 'సి', మధ్యలో రెండంకెలు కనిపిస్తాయి. లేకపోతే కొట్టకు, కళ్లు నొప్పి. నేను రాసింది చాలు తనిఖీవాళ్లకి.

సీతాఫలాల కాలం అయిపోయింది కానీ, ఇక్కడి కొండ మీద కాసేవి నువ్వు తిని తీరాలి. వచ్చే ఏడు పంపిస్తాను.

అన్నట్టు, నన్నే సాహెబ్ ముక్కు బాగానే పనిచేస్తోందా?

మామయ్య
అనంతపద్మనాభం

•

గుంటూరు
3 మార్చి

మామయ్యా,

మీ గుడీ, తాసిల్దారూ తనిఖీవాళ్లకి తెగ నచ్చేశారు. కాగితం పాసయింది. గ్యాసు గురించి వివరంగా రాయమంటే సీతాఫలాల గురించి రాశారని నేను గమనించాను లెండి.

ముక్కు గురించి ఎందుకడిగారు? అడిగాక గమనిస్తే నాకే వింతగా ఉంది. మొన్న వాళ్లావిడ మస్తాన్‌బీ గారు టిఫిను తెస్తూ నాతో వాపోయింది. "పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా పొగైతే, ఈయన పక్కనే కూచుని పేపరు చదువుతన్నాడమ్మా. కన్ను పోయిందో, బుద్ధి పోయిందో." నన్నే సాహెబ్ గారు నవ్వేసి, "నీ వంట అలవాటై పోయిందిలే" అన్నారు. అందరం నవ్వాం.

లోడింగు మొదలైంది. యార్డు నుంచి లారీల వరస రోడ్డు దాకా ఉంది. ఎవరిని చూసినా తుమ్ములు, దగ్గులు. గుంటూరులో ఫిబ్రవరి దాటాక దగ్గనివాడు పొరుగూరివాడని మీరే అనేవారు. కానీ బసవమ్మ అని, తొడిమలు తీసేవాళ్లకి పెద్ద, మూడో గది దగ్గర కూర్చోనంటోంది.

"ఏం బసవమ్మా, నలభై ఏళ్లుగా మిరపకాయల్లోనే ఉన్నావు, ఇప్పుడు కొత్తగా ఘాటెక్కిందా?" అని మేస్త్రీ ఎగతాళి చేశాడు.

"నీ మొహం! మిరప ఘాటు గొంతులో కూచుంటది. ఇది కంట్లో కూచుంటంది. నాకు తెలవదా తేడా?" అంది.

నేను నన్నే సాహెబ్ గారిని పిలిచాను. ఆయన మూడో గది ముందు నిలబడి గట్టిగా మూడుసార్లు పీల్చారు. "వాసనే లేదమ్మా. కావాలంటే పెట్టె చూడండి" అన్నారు. చూశాను. నాలుగు. బసవమ్మని సముదాయించి అక్కడే కూర్చోబెట్టాను. తిట్టుకుంటూ కూర్చుంది.

నాలుగు ఎప్పుడూ నాలుగే ఎందుకుంటుంది మామయ్యా? మూడో, ఐదో అవదా?

అన్విత

•

కనిగిరి
7 మార్చి

అన్వితా,

ఈసారి కథలు లేవు.

తెల్ల గుడ్డలు రెండు తీసుకుని పసుపు నీళ్లలో ముంచు. ఒకటి మూడో గది గుమ్మానికి, ఒకటి యంత్రాల గది గుమ్మానికి కట్టు. ఎండిపోకుండా పూటపూటా నీళ్లు చల్లించు. ఎవరైనా అడిగితే దిష్టికని చెప్పు. మిరప సీజన్లో దిష్టికంటే ఎవరూ కాదనరు. రంగు మారితే వెంటనే రాయి.

బసవమ్మని అక్కడి నుంచి లేపు. ఆవిడ చెప్పింది నిజమని కాదు. పెద్దావిడ.

పెట్టె అంకె మీద మరీ ఆధారపడకు. ఏ యంత్రమైనా యంత్రమే. నేను చేసిందైనా సరే.

నువ్వడిగిన చివరి ప్రశ్నకి జవాబు ఉత్తరంలో రాసేది కాదు. ఎప్పుడైనా కలిసినప్పుడు చెప్తాను. మోకాళ్లు సహకరిస్తే ఉగాది తర్వాత వస్తాను.

నాలుగుసార్లు రాసి చింపాను ఈ ఉత్తరం. ఇది ఐదోది.

మామయ్య

•

గుంటూరు
18 మార్చి

మామయ్యా,

మీ ఉత్తరం పన్నెండున వచ్చింది. లోడింగు హడావిడిలో గుడ్డలు కట్టడం నిన్నటికి గానీ పడలేదు. నన్ను తిట్టండి.

నిన్న పొద్దున కట్టాం. యంత్రాల గది గుమ్మానికి కట్టింది మధ్యాహ్నానికి అంచుల్లో ఎర్రబడింది. ఇవాళ పొద్దునకల్లా సగం పైన పారాణిలా అయిపోయింది. మూడో గది దగ్గరిది ఇప్పుడిప్పుడే తిరుగుతోంది.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించలేరు. ఎవరో "పసుపు గుడ్డ కుంకమైంది, అమ్మవారు వచ్చింది" అన్నారు. గంటలో ఆ గుమ్మం ముందు కొబ్బరికాయలు, అరటిపళ్లు. జయదేవ్ గారు ఫోటో తీయించి, శుభసూచకం అని రాసి స్టేటస్ పెట్టుకున్నారు. ఆడవాళ్లు లోపలికి వెళ్లేముందు ఆ గుడ్డని కళ్లకద్దుకుని వెళ్తున్నారు. మంట పుట్టే కళ్లకి.

బసవమ్మ ఒక్కతే అద్దుకోలేదు. నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "పసుపులో సున్నం కలిస్తే ఎరుపవుద్దని పసిపిల్లకి కూడా తెలుసు. మరి సున్నం ఎవురు కలిపారమ్మా? గాలా?" అంది. ఆవిడని లేపి ఆరుబయట కూర్చోబెట్టాను. మిగతావాళ్లు మేం కదలం అన్నారు, అమ్మవారి దగ్గరే బాగుందట. రెండు రోజులు పని ఆపుదామని జయదేవ్ గారిని అడిగాను. "అమ్మవారు వచ్చిన రోజున తలుపులు మూస్తామా?" అన్నారు.

పెట్టె నాలుగు చూపిస్తోంది.

అందుకని మీ నోటుబుక్కు మూడో పేజీ తీసి ఆ ఆజ్ఞ కొట్టాను. పన్నెండు గదుల కిటికీలకీ మీరు చెప్పినట్టే మొదట 'సి', మధ్యలో రెండేసి అంకెలు ఉన్నాయి. గ్యాసు కిటికీకి 'సి' లేదు మామయ్యా. అక్కడొక చిన్న గీత ఉంది. రెండంకెల చోట ఒక్క 2 ఉంది. తేదీ 10 ఫిబ్రవరి 2019.

పేరుంది, గోత్రం లేదు. మీరు అక్కర్లేదన్న తిరగేసిన సంగతి ఇదేనా?

వెంటనే రాయండి.

అన్విత

•

కనిగిరి బస్టాండు
21 మార్చి, పొద్దున ఎనిమిదిన్నర

అన్వితా,

ముందు అందర్నీ బయటికి పంపు. ఒక్కరు కూడా లోపల ఉండకూడదు, పసుపుని ఎర్రబరిచింది అమ్మోనియా. పంపాక మిగతాది చదువు.

నీ ఉత్తరం ఇందాకే అందింది. చదివి పక్కింటావిడ ఫోను లాక్కుని, నా పాత నోట్సులో ఉన్న మీ ఆఫీసు నంబరు నొక్కాను. నాకు వినపడదు కనక, పావుగంట నేనే మాట్లాడాను. అంతా చెప్పాను. అరిచాను, బతిమాలాను. చివరికి ఆవిడ వచ్చి ఫోను చెవికి పెట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ నంబరు ఎప్పుడో తీసేశారట. మీ అమ్మకి చేస్తే తియ్యలేదు, పూజలో ఉండి ఉంటుంది. పక్కింటావిడ చేస్తూనే ఉంటానంది. తొమ్మిదింటి గుంటూరు బస్సు కండక్టరు ఇమ్మానియేలు నాకు తెలిసినవాడు. ఈ కాగితం నీ గేటు దగ్గర స్వయంగా ఇస్తానని మాటిచ్చాడు.

నోటుబుక్కు వెనక అట్ట లోపల రెండు వరసలున్నాయి. పైన 'సెన్సారు వచ్చాక' అని రాసి ఉంటుంది. మొదటిది కొడితే ఆ దొంగ ఫైలు పోతుంది. రెండోది కొడితే అదే పేరుతో అసలు కిటికీ లేస్తుంది, గోత్రంతో సహా. నేను రాసుకుని, ఎన్నడూ కొట్టని వరసలవి.

జరిగింది ఇది. 2019 వసంత పంచమికి పెట్టె బోర్డు వెలగాలని ముహూర్తం. చెన్నై నుంచి గ్యాసు సెన్సారు రాలేదు. ఆ కిటికీ తెరుచుకోకపోతే నా ప్రోగ్రాము మొత్తం ఆగిపోయేది. అతిథులు వచ్చేశారు. నాన్న పూజలో ఏది లేకపోయినా అక్షతలు వేసేవాడు. గొడుగు లేదు, అక్షతాన్ సమర్పయామి. వింజామర లేదు, అక్షతాన్ సమర్పయామి. నేనూ అదే చేశాను. ఆ పేరుతో మామూలు ఫైలొకటి పెట్టి, అందులో నాలుగు అని రాశాను. నువ్వు చూసిన ఆ గీత మామూలు ఫైలు గుర్తు, ఆ 2 దాని పొడుగు. అంకె ఒకటి, వరస ముగిసిందనే గుర్తు ఒకటి. బోర్డు వెలిగింది, చప్పట్లు కొట్టారు. ఇప్పటి యంత్రాలు లేచినప్పుడల్లా డెవ్ గదిని కొత్తగా కట్టుకుంటాయి. నాది పాత పద్ధతి, చేత్తో పెట్టింది చెరగదు.

పదిరోజులకి సెన్సారు వచ్చింది. గోడకి బిగించాను. డ్రైవరు కూడా లేచింది. అన్నీ ఉన్నాయి. కిటికీ మార్చడం ఒక్కటే మరిచాను. అర్చకుడు ఆరేళ్లుగా లోపలి నుంచి అంకె చెప్తూనే ఉన్నాడు. అడిగేవాళ్లందరూ గోడ మీద గీసిన కిటికీ ముందు నిలబడ్డారు.

చిన్నప్పుడొకసారి నైవేద్యానికి బియ్యం లేక నాన్న దానికీ అక్షతలే వేశాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "దేవుడు సర్దుకుంటాడ్రా. ఆకలేసినవాడి విస్తట్లో మాత్రం అక్షతలు వెయ్యకు" అన్నాడు. ఆ మాట ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు

(వెనక చూడు)

గుర్తొచ్చిందో లెక్కలేదు. మరిచానన్నాను గానీ, ఆ సాకు కనిగిరి వచ్చిన ఏడాదికే చెల్లిపోయింది. ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే గుర్తొచ్చింది. చెప్దామనుకున్నాను. సిగ్గేసింది. నన్నే సాహెబ్ ముక్కుంది కదా, సూది మొనంత గ్యాసు కారినా పట్టేస్తాడు అని సర్దిచెప్పుకున్నాను.

2021లో ఆయన నన్ను చూడ్డానికి ఇక్కడికొచ్చాడు. కాగితం మీద రాసి చూపించాడు. జ్వరం వచ్చి తగ్గాక ముక్కు చచ్చిపోయిందట. పెట్రోలు కూడా తెలియడం లేదట. తెలిస్తే పనిలోంచి తీసేస్తారు, చెప్పకండి పంతులు గారూ, మీ పెట్టె ఉందిగా అని రాశాడు.

ఆయన నా పెట్టెని నమ్ముకున్నాడు, నేను ఆయన ముక్కుని. ఆ కాగితం కింద నేను రాయాల్సింది ఒక్క వాక్యం. పెన్ను చేతిలోనే ఉంది. 'సరే' అని రాశాను.

ఆయన్ని యంత్రాల గదిలోకి వెళ్లనివ్వకు. ఆయనకి తెలియదు. ఏమీ తెలియదు.

బస్సు కదులుతోంది.

మామయ్య

•

గుంటూరు
2 ఏప్రిల్

మామయ్యా,

మీ పక్కింటావిడ చేసిన ఫోను అమ్మ తియ్యనే లేదట. ఇమ్మానియేలు గారు ఒంటిగంటన్నరకి పరుగెత్తుకుంటూ వచ్చి కాగితం నా చేతిలో పెట్టారు. మొదటి వరస చదివి కేకలు పెట్టాను. భోజనాల వేళ కనక సగం మంది బయటే ఉన్నారు. మిగతావాళ్లు అమ్మవారి దగ్గర్నుంచి రామన్నారు. బసవమ్మ చీపురు పుచ్చుకుని వెళ్లింది. "అమ్మవారు కాదే, చావు! లెగండి!" అని వీపుల మీద కొట్టి మరీ తోలుకొచ్చింది. గేటు బయట లెక్కపెట్టాను. నలభై ఒక్కరు.

అగ్నిమాపకం వాళ్లకి ఫోను చేశాను. వాళ్లొచ్చేలోపు నిజంగా ఎంతుందో చూడాలని ఆఫీసులోకి పరుగెత్తి నోటుబుక్కు అట్ట తీసి, ఆ రెండు వరసలూ కొట్టాను. ఎంత చిన్నవో మామయ్యా! రెండూ కలిపి నా పేరూ, ఇంటిపేరూ అంత లేవు.

నాలుగు పోయింది. నూట పన్నెండు వచ్చింది. చూస్తుండగానే నూట ముప్పై. ఆరేళ్లుగా ఒక్కసారీ మోగని సైరను మోగింది.

వేపచెట్టు కింద టిఫిను తింటున్న నన్నే సాహెబ్ గారు సైరను విని లేచారు. చెయ్యి కూడా కడుక్కోకుండా యంత్రాల గదివైపు నడిచారు. బయటికొచ్చి వద్దని అరిచాను. గుమ్మం దగ్గర ఆగి గట్టిగా గాలి పీల్చి, నావైపు తిరిగి నవ్వారు. "ఏ వాసనా లేదమ్మా. మీ మామయ్య పెట్టెకి పిచ్చి పట్టింది. ఆపొస్తా ఉండండి" అన్నారు. గ్యాసు ముసుగు మేకుకే వేలాడుతోంది. ఎర్రగుడ్డని పక్కకి తప్పించి లోపలికి వెళ్లారు.

ఆయన ముక్కు సంగతి మీ కాగితం వెనక వైపుంది. ముందు వైపు నిండా తాతయ్య ఉన్నారు. అప్పటికి నేనింకా నైవేద్యం దాకా కూడా చదవలేదు.

వాల్వు కట్టేశారు. లోపల దాని ప్యాకింగు ఊడిందట. ఆయన కట్టకపోతే రోడ్డవతల ఇళ్లు కూడా ఖాళీ చేయించాల్సి వచ్చేదని అగ్నిమాపకం వాళ్లన్నారు. కట్టి, తిరిగి రాలేకపోయారు. వాళ్లే మోసుకొచ్చారు.

శుక్రవారం విచారణ. పెట్టె ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మొదటి వరస కొట్టగానే ఆ ఫైలూ, దాని తేదీ పోయాయి. ఇప్పుడక్కడ మంచి గోత్రమున్న కిటికీ ఉంది. మీ ఉత్తరం కాక మిగిలింది నా రిజిస్టరు. ప్రతి రోజూ నాలుగు, నాలుగు కింద నా సంతకం. మీరు రండి. మోకాళ్ల మాట ఎత్తకండి. మీరే నిలబడి చెప్పాలి, కథ లేకుండా.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. నన్నే సాహెబ్ గారి గొంతులో గొట్టముంది, కళ్లకి కట్టుంది. డాక్టర్లు ఏదీ గట్టిగా చెప్పడం లేదు. మస్తాన్‌బీ గారు ఆయన చెవిలో "అన్వితమ్మ వచ్చింది" అన్నారు. ఆయన కుడిచెయ్యి దుప్పట్లోంచి బయటికి తీశారు. బొటనవేలు మడిచి, మిగతా నాలుగు వేళ్లూ నిలబెట్టి, అలాగే పట్టుకున్నారు. అడుగుతున్నారు.

మస్తాన్‌బీ గారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వంగి, "నాలుగే సాహెబ్ గారూ. మీరు వెళ్లినప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే" అని చెప్పాను. ఆయన చెయ్యి మెల్లగా దించుకున్నారు.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో మామయ్యా.

అన్విత